ముందు నీడ... తర్వాతే ఏసీ!

మండువేసవిలో మాల్‌లోకి అడుగుపెడితే ప్రాణం లేచొస్తుంది. ఆసుపత్రి వరండాలో చల్లగాలి రోగికి సాంత్వననిస్తుంది. ఆఫీసులో ఏసీ లేకపోతే పని సాగదు. బాగానే ఉంది కానీ... ఆ చల్లదనానికి బిల్లు ఎవరు కడుతున్నారు? ఆ బిల్లును తగ్గించే దారి ఉందా? ఉందంటున్నాయి కొన్ని భవనాలు. వాటిలో రెండు మన హైదరాబాద్‌లోనే ఉన్నాయి!

ఇంట్లో కరెంటు బిల్లు వంద రూపాయలు పెరిగితే ఇల్లంతా చర్చే. ఫ్యాను ఎవరు ఆపలేదు, గీజరు ఎవరు కట్టేయలేదు అంటూ ఆరా మొదలవుతుంది. అదే కుటుంబం బయటికెళ్తే ఎంత కరెంటు వాడుతున్నదీ ఎవరికీ పట్టదు. దుకాణంలో చొక్కా కొన్నా, హోటల్లో భోజనం చేసినా, ఆసుపత్రిలో గది తీసుకున్నా, ఫంక్షన్‌ హాల్లో పెళ్లి చేసినా ఆ ధరలో కాస్త కరెంటు బిల్లు కలిసే ఉంటుంది. పైగా వాణిజ్య కనెక్షన్లకు యూనిట్ ధర ఇళ్లకంటే ఎక్కువ. అంటే భవనం యజమాని చేసే దుబారాకు చివరికి జేబు తడుముకోవాల్సింది మామూలు జనమే.

మరి పొదుపు అనగానే చాలామంది యజమానులు చేసే పని ఏమిటి? వరండాలో సగం లైట్లు తీసేయడం, 'దయచేసి స్విచ్ ఆపండి' అని కాగితం అంటించడం. కాస్త డబ్బున్నవాళ్లయితే నేరుగా కొత్త ఏసీలు కొనేస్తారు, పైకప్పు మీద సోలార్ పలకలు బిగించేస్తారు. తప్పని కాదు. కానీ చిల్లుకుండను నింపడానికి పెద్ద చెంబు తెచ్చినట్టే ఉంటుంది వ్యవహారం. ముందు చిల్లు పూడ్చాలి. ఆ తర్వాత ఎంత చెంబు కావాలో చూసుకోవాలి. ఇంధన నిపుణులు పదేపదే చెప్పే కిటుకు ఇదే. ఏది ముందు, ఏది తర్వాత అన్న వరస తెలిస్తే సగం పని అయిపోయినట్టే!

వేడి ఎటునుంచి వస్తోంది?

పూర్తిగా ఏసీ ఉన్న ఆఫీసులో వాడే కరెంటులో దాదాపు సగం చల్లబరచడానికే పోతుంది. నిజానికి ఏసీ చల్లదనాన్ని తయారుచేయదు. గదిలోని వేడిని తోడి బయటపోస్తుందంతే. కాబట్టి లోపలికి ఎంత వేడి చేరితే దానికంత పని.

ఆ వేడి నాలుగు దారుల్లో చేరుతుంది. మొదటిది ఎండ. పైకప్పు నుంచీ, గోడల నుంచీ, అన్నిటికంటే ఎక్కువగా అద్దాల నుంచీ లోపలికొస్తుంది. రెండోది లోపలి దీపాలూ, కంప్యూటర్లూ. అవి వాడుకున్న కరెంటంతా చివరికి వేడిగానే మిగులుతుంది. మూడోది మనుషులు. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి సుమారు వంద వాట్ల వేడి వెలువడుతుంది. మూడొందల మంది నిండిన సినిమా హాలంటే ముప్ఫై కిలోవాట్ల పొయ్యి వెలుగుతున్నట్టే! నాలుగోది బయటినుంచి తెచ్చే తాజా గాలి, తలుపు సందుల్లోంచి దూరే గాలి.

మనుషుల్ని తగ్గించలేం. తాజా గాలినీ ఆపకూడదు. మిగిలినవి మాత్రం చేతిలో ఉన్నవే.

మన పెద్దలకు ఈ సంగతి తెలియక కాదు. మండువా లోగిళ్లు, పెంకుల కప్పులు, మేడ మీద సున్నపు పూత, వేసవిలో గుమ్మానికి కట్టే వట్టివేళ్ల తడికలు... అన్నీ వేడిని గుమ్మం బయటే ఆపే ఉపాయాలే. అద్దాల మేడల మోజు వచ్చాక అవి మరుగున పడ్డాయి. ఎండలో నిలిపిన కారు లోపల ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. అద్దంలోంచి ఎండ తేలిగ్గా లోపలికొస్తుంది, లోపలి వేడి మాత్రం అంత తేలిగ్గా బయటికి పోదు. అలాంటి కారును పది అంతస్తుల ఎత్తున నిలబెడితే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

తెల్లరంగు చేసే మేలు

అన్నిటికంటే చవకైన చిట్కా పైకప్పుకు తెల్లరంగు. ఎండను తిప్పికొట్టే తెల్లటి పూత వేస్తే ఎంత కలిసొస్తుందో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల, హైదరాబాద్‌లోని ట్రిపుల్ ఐటీ పరిశోధకులు కలిసి లెక్కతేల్చారు. హైదరాబాద్‌లోని వాణిజ్య భవనాల మీద కొలతలు తీసి, 2012లో ఫలితాలు ప్రచురించారు. మామూలు కాంక్రీటు కప్పుకు తెల్లపూత వేస్తే చదరపు మీటరుకు ఏడాదికి 13 నుంచి 14 యూనిట్లు ఆదా అయింది. నల్లటి కప్పయితే ఆదా 20 నుంచి 22 యూనిట్లు!

చూడ్డానికి చిన్న అంకెలే. కానీ వెయ్యి చదరపు మీటర్ల కప్పున్న దుకాణానికి అది ఏటా 13 వేల యూనిట్లు. లెక్క తేలిక కోసం యూనిట్ పది రూపాయలనుకుంటే లక్షా ముప్ఫై వేలు. పూత మీద దుమ్ము పేరుకుంటే ఫలితం తగ్గుతుంది కాబట్టి అప్పుడప్పుడూ కడగాలి. అంతే.

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చల్లని పైకప్పుల విధానాన్నే తెచ్చింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలన్నిటికీ, ఆరొందల చదరపు గజాలూ అంతకు మించిన స్థలంలో కట్టే ఇళ్లకీ దీన్ని తప్పనిసరి చేసింది.

కిటికీల సంగతీ అంతే. దక్షిణం వైపు కిటికీకి పైన ఛజ్జా ఉంటే చాలు, నడినెత్తిన ఉండే ఎండ లోపల పడదు. తూర్పు, పడమరల్లో ఎండ ఏటవాలుగా వస్తుంది కాబట్టి ఛజ్జా ఆపలేదు. నిలువు పలకలో, జాలీయో, చెట్టో కావాలి. లోపల కట్టే తెరకంటే బయట పడే నీడే మేలు. తెర దాకా వచ్చిందంటే వేడి అప్పటికే గదిలోకి వచ్చేసినట్టు లెక్క!

కలాం ప్రారంభించిన భవనం

ఇవన్నీ ఒకేచోట చూడాలంటే హైదరాబాద్‌లో హైటెక్ సిటీ దగ్గరున్న సీఐఐ - సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌కి వెళ్లాలి. 2004 జులై 14న అప్పటి రాష్ట్రపతి ఏపీజే అబ్దుల్ కలాం దీన్ని ప్రారంభించారు. హరిత భవనాలకిచ్చే 'లీడ్ ప్లాటినం' గుర్తింపు అమెరికా బయట మొట్టమొదట దక్కింది దీనికే. వడోదరకు చెందిన ఆర్కిటెక్ట్ కరణ్ గ్రోవర్ దీన్ని రూపొందించారు.

లోపలికెళ్తే వింత యంత్రాలేవీ కనిపించవు. మధ్యలో మండువా. దాని చుట్టూ గుండ్రంగా గదులు. పగలు దాదాపు ఎక్కడా దీపం అవసరం లేనంత వెలుతురు. గోడలకు జాలీలు. కప్పు మీద చాలాభాగం పచ్చిక. ఇక ప్రత్యేక ఆకర్షణ రెండు గాలి బురుజులు. బయటి వేడిగాలి వీటిలోంచి దిగుతూ నీటి తుంపరలు తగిలి ఏడెనిమిది డిగ్రీలు చల్లబడుతుంది. ఆ తర్వాతే ఏసీ యంత్రం దగ్గరకు చేరుతుంది. తాతల నాటి వట్టివేళ్ల తడిక సూత్రమే కాస్త పెద్ద ఎత్తున! అన్నీ కలిసి ఇదే పరిమాణంలోని మామూలు భవనంతో పోలిస్తే కరెంటు ఖర్చు సుమారు సగానికి తగ్గింది. అలా తగ్గించాకే మిగిలిన అవసరం కోసం కప్పు మీద సోలార్ పలకలు పెట్టారు. వరస అంటే అదీ!

పాత భవనమైతే?

కొత్తగా కట్టేవాళ్లకు సరే, ఇప్పటికే కట్టేసినవాటి సంగతేంటి? ఈ ప్రశ్నకు చక్కటి జవాబు న్యూయార్క్‌లో ఉంది. 1931లో కట్టిన 102 అంతస్తుల ఎంపైర్ స్టేట్ బిల్డింగ్!

ఆ ముసలి భవనాన్ని చల్లబరిచే చిల్లర్లు పాతబడ్డాయి. అద్దెకున్నవాళ్ల అవసరాలు పెరిగాయి. ఇంకా పెద్ద చిల్లర్లు కొనాలన్నది మొదటి ఆలోచన. నిపుణులు కాస్త ఆగమన్నారు. ముందు కిటికీలు చూద్దామన్నారు. మొత్తం 6,514 కిటికీలు. వాటిని పారేసి కొత్తవి కొనలేదు. ఆ భవనంలోనే ఒక అంతస్తులో చిన్న కర్మాగారం లాంటిది పెట్టి, పాత అద్దాలను ఊడదీసి, రెండు అద్దాల మధ్య వేడిని ఆపే పల్చటి పొరను బిగించి, ప్రత్యేక వాయువు నింపి మళ్లీ అమర్చారు. పాత అద్దాల్లో నూటికి 96 వంతులు తిరిగి వాడుకున్నారు. చలికాలంలో గదుల్ని వెచ్చబరిచే రేడియేటర్ల వెనక గోడకు వేడిని తిప్పికొట్టే పలకలు పెట్టారు.

దాంతో ఏమైంది? భవనానికి కావలసిన చల్లదనమే తగ్గిపోయింది. పెద్ద చిల్లర్లు కొనక్కర్లేకుండా పోయింది. ఉన్నవాటినే బాగుచేసుకుంటే సరిపోయింది! 2009లో ప్రకటించిన ఈ పథకం లక్ష్యం ఇంధన వాడకాన్ని 38 శాతం తగ్గించడం, ఏటా 44 లక్షల డాలర్లు మిగల్చడం. ఇంధన పొదుపు కోసం అదనంగా పెట్టింది 1 కోటి 32 లక్షల డాలర్లు. అంటే మూడేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుందని లెక్క. మొత్తం పనులు పూర్తికాకముందే, 2011లో, గుత్తేదారు హామీ ఇచ్చినదానికంటే 5 శాతం ఎక్కువే ఆదా అయింది. ఆ ఏడాది మిగిలిన సొమ్ము 24 లక్షల డాలర్లు.

ముందు చిల్లర్లు కొని తర్వాత కిటికీలు మార్చి ఉంటే? అవసరానికి మించిన యంత్రాలు మూలన కూర్చునేవి. చేసే పనులు అవే అయినా వరస మారితే కోట్లు తేడా వచ్చేవన్నమాట.

ఒకే భవనం... రెండు పద్ధతులు

వేడిని అడ్డుకున్నాక రెండో మెట్టు, లోపల చేరినదాన్ని తక్కువ ఖర్చుతో తోడెయ్యడం. దీని మీద ఓ ఆసక్తికరమైన ప్రయోగం హైదరాబాద్ శివారు పోచారంలోని ఇన్ఫోసిస్ ప్రాంగణంలో జరిగింది. 2011లో అక్కడ సుమారు రెండున్నర లక్షల చదరపు అడుగుల భవనం సిద్ధమైంది. దాన్ని సరిగ్గా రెండు భాగాలు చేశారు. ఒక సగంలో మామూలుగా చల్లగాలిని పంపే ఏసీ పద్ధతి, అదీ వీలైనంత మెరుగుపరిచింది. రెండో సగంలో కప్పు స్లాబులోనే సన్నని గొట్టాలు పరచి చల్లటి నీళ్లు పారించారు. కప్పే చల్లబడి గదిలోని వేడిని పీల్చుకుంటుంది.

నీళ్లెందుకంటే, ఒకే పరిమాణంలో గాలితో పోలిస్తే నీరు మూడువేల రెట్లకు పైగా వేడిని మోయగలదు. పెద్ద ఫ్యాన్లతో గాలిని తోసే బదులు చిన్న పంపుతో నీటిని తిప్పితే చాలు. పైగా ఆ నీరు మరీ చల్లగా కూడా ఉండక్కర్లేదు. కాబట్టి చిల్లర్‌కీ పని తగ్గుతుంది. వానాకాలంలో కప్పు చెమర్చి నీళ్లు కారకుండా, తేమ తీసేసిన తాజా గాలిని విడిగా పంపుతారు.

రెండు భాగాలకూ విడివిడిగా మీటర్లు పెట్టి రెండేళ్లు కొలిచారు. నీళ్లు పారే సగానికి చల్లబరిచే ఖర్చు 34 శాతం తక్కువ! ఏర్పాటుకైన ఖర్చు మాత్రం రెండిటికీ దాదాపు సమానమే.

పైసా ఖర్చులేని పనులు

అందరూ స్లాబులు పగలగొట్టి గొట్టాలు వెయ్యలేరు. కానీ ఉన్న యంత్రాల్ని తీరుగా నడిపినా బోలెడు మిగులుతుంది. ఏసీని ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది. అందుకే 2020 జనవరి నుంచి స్టార్ గుర్తున్న గది ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గరే మొదలయ్యేలా నిబంధన పెట్టారు. 18 డిగ్రీల్లో కూర్చుని శాలువా కప్పుకునే ఆఫీసులు ఇంకా ఉన్నాయి మరి!

పెద్ద ఏసీ ఫ్యాన్లు, పంపుల విషయంలో ఇంకో చిత్రం ఉంది. వాటి వేగం ఐదో వంతు తగ్గిస్తే కరెంటు కూడా ఐదో వంతే తగ్గుతుందనుకుంటాం. కాదు, దాదాపు సగానికి పడిపోతుంది! అందుకే రద్దీని బట్టి వేగం మార్చే డ్రైవ్‌లు త్వరగానే ఖర్చు రాబడతాయి. ఇక రాత్రి పదకొండింటికి ఖాళీ అంతస్తులో తిరుగుతున్న ఫ్యానునీ, ఆదివారం మూసి ఉన్న ఆఫీసులో నడుస్తున్న ఏసీనీ ఆపడానికి ఏ డ్రైవూ అక్కర్లేదు. మీటరును రాత్రి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి చూస్తే చాలు. ఎవరూ లేనప్పుడు ఎంత తిరిగిందో తెలిసిపోతుంది.

దీపాల లెక్క మరీ తేలిక. పాత ట్యూబులైటు చోక్‌తో కలిపి సుమారు 50 వాట్లు తాగుతుంది. ఎల్‌ఈడీకి 20 చాలు. రెండొందల లైట్లు రోజుకు 12 గంటలు వెలిగే దుకాణంలో రోజుకు 72 యూనిట్లు, ఏడాదికి 26,280 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ పది రూపాయల లెక్కన రెండు లక్షల అరవై రెండు వేలు! లైటు వేడి తగ్గడంతో ఏసీకి తగ్గే పని అదనం.

అయితే పొదుపు పేరుతో తాజా గాలిని మాత్రం కట్టేయకూడదు. ఊపిరాడని గదిలో తలనొప్పులు, బద్ధకం, జబ్బులు మొదలవుతాయి. ఆపరేషన్ థియేటర్ల ఉష్ణోగ్రత, మెట్ల మీద వెలుతురు కూడా అంతే. వాటి జోలికి వెళ్లే పొదుపు పొదుపే కాదు.

బిల్లులో దాగిన బరువు

పెద్ద భవనాలకు వచ్చే హెచ్‌టీ బిల్లు ఇంటి బిల్లులా ఉండదు. అందులో యూనిట్ల ధరే కాదు, డిమాండ్ ఛార్జీ అనే ఇంకో వరస ఉంటుంది. నెల మొత్తంలో ఏ కొద్ది నిమిషాల్లో లోడు అత్యధికంగా నమోదైందో చూసి దాని మీద వేస్తారు. ఒప్పందంలో రాసుకున్న డిమాండ్‌లో 80 శాతానికి తక్కువ వాడినా 80 శాతానికి కట్టాల్సిందే. 500 కేవీఏకు ఒప్పందం చేసుకుని 300 మాత్రమే వాడే ఆసుపత్రి నెలనెలా 400కి కడుతుందన్నమాట. పొదుపు చేశాక ఒప్పందాన్ని కూడా తగ్గించుకోకపోతే సగం ఫలితం గాలికి పోయినట్టే. మరోవైపు ఒప్పందం దాటితే జరిమానా. ఉదయం గేటు తెరవగానే చిల్లర్లు, పంపులు, లిఫ్టులు ఒక్కసారిగా ఆన్ చేయకుండా పావుగంట తేడాతో మొదలుపెడితే ఆ బెడద తగ్గుతుంది.

పవర్ ఫ్యాక్టర్ ఇంకో చిక్కు. హెచ్‌టీ కనెక్షన్లకు కేవీఏహెచ్ లెక్కన బిల్లు వేస్తారు. పవర్ ఫ్యాక్టర్ 0.8 ఉంటే నూరు యూనిట్ల పనికి 125కి డబ్బు కట్టాలి. సరైన కెపాసిటర్లు పెట్టి 0.98కి తెస్తే 102 చాలు.

అసలు అడ్డంకి ఎక్కడ?

ఇన్ని తెలిసీ ఎందుకు చేయరు? కారణం యంత్రాల్లో లేదు, లెక్కల్లో ఉంది. కట్టేది బిల్డరు. కరెంటు బిల్లు కట్టేది అద్దెకు దిగినవాళ్లు. కిటికీకి మంచి అద్దం వేస్తే ఖర్చు ఒకరిది, లాభం ఇంకొకరిది. అందుకే చవకైన అద్దం, చవకైన ఏసీ. ఆ తర్వాత ముప్ఫై నలభై ఏళ్లపాటు ఎవరో ఒకరు ఆ తప్పుకు కిస్తీలు కడుతూనే ఉంటారు.

దీన్ని సరిదిద్దడానికే ఇంధన పొదుపు చట్టం 2001లో వచ్చింది. పెద్ద వాణిజ్య భవనాలు ఎలా కట్టాలో చెప్పే నియమావళి 2007లో వెలువడింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2014 జనవరిలోనే దాన్ని అమలు చేస్తూ ఉత్తర్వులిచ్చింది. 2022లో చట్టాన్ని సవరించి నియమాల పరిధిని పెంచారు. చేతిలో డబ్బులేదనేవాళ్లకూ ఓ దారి ఉంది. ఇంధన సేవల సంస్థలు తామే పెట్టుబడి పెట్టి మార్పులు చేసి, మిగిలిన సొమ్ములోంచి వాటా తీసుకుంటాయి. ఆడిట్ చేయించి, ఎంత ఆదా అవుతుందో ఒప్పందంలో రాయించుకోవడం మాత్రం మరవకూడదు.

ఇక అద్దెకు దిగేవాళ్లు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. 'ఈ భవనం ఏడాదికి చదరపు మీటరుకు ఎన్ని యూనిట్లు తాగుతోంది?' ఏడాది యూనిట్లను విస్తీర్ణంతో భాగిస్తే జవాబు వస్తుంది. కారు కొనేటప్పుడు మైలేజీ అడిగే మనిషి ఆఫీసు అద్దెకు తీసుకునేటప్పుడు ఈ ప్రశ్న ఎందుకడగకూడదు?

చిన్న దుకాణానికీ, చిన్న బడికీ...

* కప్పుకు తెల్లపూత, పడమటి గోడకు నీడ. ఏసీ కొనేముందే ఈ రెండూ పూర్తిచేయాలి. అప్పుడు రెండు టన్నుల చోట ఒకటిన్నర టన్నే సరిపోవచ్చు.

* పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తాగుతుంది. బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 చాలు. వంద ఫ్యాన్లున్న బడిలో రోజుకు పది గంటలు, ఏడాదికి మూడొందల రోజులు తిరిగితే 13,500 యూనిట్లు మిగులు.

* ఏసీతోపాటు ఫ్యాను కూడా వేసుకుంటే 26 డిగ్రీల్లోనూ హాయిగా ఉంటుంది.

* తలుపు బార్లా తీసి ఏసీ వేస్తే వీధిని చల్లబరిచినట్టే. తనంతట తానే మూసుకునే తలుపు బిగించాలి.

* ఏసీ ఫిల్టర్లు నెలకోసారి కడగాలి. బయటి యూనిట్‌కు గాలి ఆడేలా చూడాలి.

* ప్లగ్గులో పెడితే బిల్లు 40 శాతం తగ్గుతుందంటూ అమ్మే 'పవర్ సేవర్' పెట్టెల్ని నమ్మొద్దు. వాటిలో ఉండేది మహా అయితే చిన్న కెపాసిటర్. మామూలు యూనిట్ల లెక్కన బిల్లు వచ్చే ఇళ్లకు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

* పన్నెండు నెలల బిల్లులు ఒకే ఫైల్లో దాచి, నెలనెలా పక్కపక్కన పెట్టి చూసుకునే బాధ్యత ఒకరికి అప్పగించాలి. ఎవరి పనీ కానిది ఎవరూ చేయరు!

వేసవి మధ్యాహ్నం మాల్‌లో ఏసీ అవసరానికి మించి నడుస్తుంటే ఆ భారం అదే గ్రిడ్ మీద పడుతుంది. ఆ గ్రిడ్డే పొలంలో మోటారుకూ, ఆసుపత్రిలో ఆక్సిజన్ యంత్రానికీ కరెంటు ఇవ్వాలి. అద్దాల మేడలో ఆదా చేసిన ప్రతి యూనిట్ ఎక్కడో ఇంకొకరి అవసరానికి అందుతుంది. దానికి కొత్త విద్యుత్ కేంద్రం కట్టక్కర్లేదు, బొగ్గు కాల్చక్కర్లేదు. పడమటి కిటికీకి కాస్త నీడ పడితే చాలు!